చిట్టి ఊటల ఊరు

(చెరువు బాగుచేత పనుల మధ్య జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కట్ట మీద కంప కొట్టే పని సగంలో ఆపి వచ్చినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. గొడ్డళ్ళు బయట గోడకి ఆనించి ఉండటం చూశాను. ముందుగా వాళ్ళకి దండం పెడుతున్నాను.

నీళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను ఇంజనీరుని కాదు, వ్యవసాయ శాఖ మనిషినీ కాదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో, టూసాన్ అనే ఊళ్ళో పదకొండేళ్ళు ఉండి వచ్చాను. అది ఎడారి ఊరు. అక్కణ్ణుంచి కారులో మూడు గంటలు పడమటికి వెళ్తే, సరిగ్గా మెక్సికో సరిహద్దు పక్కన ఒక చిన్న కుంట వస్తుంది. అర ఎకరం ఉంటుందేమో. ఆ కుంట ఒడ్డున ఒకప్పుడు ఒక ఊరుండేది. ఇవాళ ఆ ఊరి గురించే చెప్తాను. మీ చెరువుకీ దానికీ ఏం సంబంధం అని మొదట్లో అనిపించొచ్చు. కాస్త ఓపిక పట్టండి.

ఆ ఊరి పేరు అఅల్ వాయ్‌పియా. ఓఓదమ్ అనే జనం ఉన్నారు, అది వాళ్ళ భాష. చిట్టి బావులు, చిట్టి ఊటలు అని దాని అర్థం. మ్యాపుల్లో మాత్రం కిటోబాకీటో అని ఉంటుంది. అక్కడికి దక్షిణాన మెక్సికోలో కిటోవాక్ అని ఇంకో ఓఓదమ్ ఊరుంది. దాని పేరుకి స్పానిష్ వాళ్ళు తోక తగిలించి, చిన్న కిటోవాక్ అన్నట్టుగా దీన్ని పిలిచారు. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాటి దగ్గరికి వస్తాం.

ఓఓదమ్ అంటే వాళ్ళ మాటలో మనుషులు, జనం. ఎడారిలో ఉండేవాళ్ళు టోహోనో ఓఓదమ్, అంటే ఎడారి జనం. వాళ్ళకి ఇంకా పడమటన, సముద్రం వైపు ఇసుక దిబ్బల్లో ఉండేవాళ్ళు హియా చెడ్ ఓఓదమ్, అంటే ఇసుక జనం. నేను చెప్తున్న ఆ కుంట ఒడ్డు ఊరు ఈ ఇసుక జనానిది. బయటివాళ్ళు చాలాకాలం వీళ్ళందర్నీ పాపాగో అన్నారు. చిక్కుడు గింజలు తినేవాళ్ళు అనే ఓఓదమ్ మాటని స్పానిష్ వాళ్ళు పలకలేక పలికితే అలా అయింది. 1986లో టోహోనో ఓఓదమ్ వాళ్ళు ఆ పేరు తీసేసి, తమ పేరు తామే అధికారికంగా పెట్టుకున్నారు.

వాన సంగతి చెప్తే ఆ నేల ఎలాంటిదో మీకు వెంటనే తెలుస్తుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడుతుంది, మనం దాన్నే కరువు సీమ అంటాం. అక్కడ అందులో సగం కూడా పడదు. పడేదాంట్లో దాదాపు సగం జూలై నుంచి సెప్టెంబరు లోపు ఉరుములతో వచ్చి, గంటలో కురిసి పోతుంది. అలాంటి చోట ఏడాది పొడుగునా నీళ్ళు కారే ఊట ఉందంటే అది ఎంత భాగ్యమో ఆలోచించండి. వెనకాల నల్లరాతి గుట్టలున్నాయి. ఆ గుట్టల దగ్గర భూమిలో పగులుంది, లోపల నిలవున్న నీళ్ళు ఆ పగులు పట్టుకుని పైకి వస్తాయి. అంతే. ఆ సన్నటి ధార వల్ల వేల ఏళ్ళుగా మనుషులు అక్కడ ఆగారు. సముద్రం నుంచి ఉప్పు, గవ్వలు మోసుకొచ్చే దారి కూడా అటే. ఓఓదమ్ కుర్రవాళ్ళు ఉప్పు కోసం కాలినడకన సముద్రం దాకా వెళ్ళి రావడం ఒక దీక్ష. ఇంటికి ఉప్పు వస్తుంది, కుర్రవాడు మనిషవుతాడు. 1698లో కీనో అనే క్రైస్తవ ఫాదరీ ఆ దారిన వచ్చినప్పటికే ఊట దగ్గర జనం ఉన్నారు.

వాళ్ళేం తిన్నారో చెప్పకపోతే ఊరు కళ్ళకి కట్టదు. మీరు పొద్దున్నించి కొడుతున్న సర్కారు తుమ్మ ఉంది చూశారూ, అది అసలు ఆ ఖండం నుంచి వచ్చిన చెట్టే. దానికి అక్క లాంటి చెట్టు వాళ్ళ ఎడారి నిండా ఉంటుంది, మెస్కీట్ అంటారు. దాని కాయ పండితే తియ్యగా ఉంటుంది. ఎండబెట్టి, రోట్లో దంచి, గింజ తీసేసి, ఆ పిండి తింటారు. ఒకసారి టూసాన్ సంతలో ఒక ఓఓదమ్ పెద్దావిడ నా అరచేతిలో చిటికెడు ఆ పిండి పోసింది. నాలిక మీద వేసుకుంటే బెల్లం పాకం, వేయించిన శనగపప్పు కలిసినట్టుంది. మన ఊళ్ళో అవే కాయలు మేకలు తింటుంటే చూస్తూ పెరిగినదాన్ని. ఆ పూట నాకు మాట రాలేదు.

ఇంకోటి టెపరీ చిక్కుడు. గింజ అలసందంత ఉంటుంది, తెలుపు, గోధుమ రంగు రకాలు ఎక్కువ. ఒకటి రెండు మంచి వానలు పడితే చాలు, రెండు నెలలు దాటగానే కోతకొస్తుంది. మరీ ఎక్కువ నీళ్ళు పెడితే ఆకు ఏపుగా పెరిగి కాయ తగ్గుతుంది. మట్టికుండలో నెమ్మదిగా ఉడకాలి, త్వరగా మెత్తబడదు. వాళ్ళకి నీళ్ళు పెట్టే పద్ధతి కూడా వేరు. కొండ మీంచి వాన నీరు వాగుల్లో దిగి, మైదానంలో విసనకర్రలా పరుచుకునే చోట పొలం వేస్తారు. బురద నీళ్ళు పొలంలో ఆగేట్టు చిన్న చిన్న కంప అడ్డుకట్టలు కడతారు. ఆ నీళ్ళతో పాటు కొండ మీది ఆకు, అలము, పెంట కూడా వస్తుంది, అదే ఎరువు. అఅల్ వాయ్‌పియాలో అయితే ఊట నీళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి కాలవలు తీశారు. మొక్కజొన్న, గుమ్మడి, పుచ్చ వేశారు. అత్తి, దానిమ్మ పెంచారు.

జూన్ ఆఖర్లో, ఎండకి రాళ్ళు పగిలే రోజుల్లో, స్తంభాల్లా నిలబడే జెముడు చెట్లకి పళ్ళొస్తాయి. మూడు నాలుగు మనుషుల ఎత్తున ఉంటాయి ఆ పళ్ళు. ఎండిపోయిన అదే జెముడు లోపలి బద్దల్ని ఒకదానికొకటి కట్టి పొడుగాటి దోటి చేసి కోస్తారు. గుజ్జు తీసుకున్నాక తొక్కని లోపలి ఎర్రటి పక్క ఆకాశానికి కనపడేట్టు నేల మీద పెడతారు. వానని పిలవడం అది. ఆ పళ్ళ పాకం పులియబెట్టి కల్లు చేసి, పాటలు పాడి, అందరూ తాగుతారు. వాళ్ళ కొత్త సంవత్సరం అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఎండలు ముదిరి ఇక వాన రావాలి అన్న రోజున ఉగాది చేసుకోవడం నాకు చాలా సబబుగా అనిపించింది.

ఇప్పుడు గీతల కథ. 1853 డిసెంబరులో అమెరికా, మెక్సికోలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. తర్వాతి ఏడాది కోటి డాలర్లకి అమెరికా కొంత భూమి కొనుక్కుంది. కొత్త సరిహద్దు ఓఓదమ్ నేల మధ్యలోంచి పోయింది. వాళ్ళని అడిగిన వాడు లేడు. అన్న ఒక దేశంలో, చెల్లెలు ఇంకో దేశంలో అయ్యారు. మన చిట్టి ఊట అమెరికాలో మిగిలింది, గీతకి రెండు వందల మీటర్ల దూరం కూడా లేదు. కిటోవాక్ మెక్సికోలో ఉండిపోయింది. అయినా చాలాకాలం ఆ గీతని ఎవరూ పట్టించుకోలేదు. జనం వస్తూ పోతూనే ఉన్నారు.

1937లో ఆ చుట్టుపక్కల 3 లక్షల 30 వేల ఎకరాలు జాతీయ సంరక్షణ ప్రాంతం అయింది. అక్కడ పెరిగే ఒక అరుదైన జెముడు పేరు దానికి పెట్టారు. ఓఓదమ్ వాళ్ళు జెముడు పళ్ళు కోసుకోవచ్చని ఆ ప్రకటనలోనే రాశారు. పళ్ళు కోసుకోవచ్చు సరే, మరి ఉండొచ్చా? అక్కడ ఒరోస్కో అనే ఇంటిపేరు గల ఓఓదమ్ కుటుంబం ఉండేది. పొలం, పశువులు, ఇల్లు అన్నీ ఆ ఊట పక్కనే. ఇరవై ఏళ్ళు అలా జరిగాక, 1957లో పార్కు వాళ్ళు 13,000 డాలర్లు ఇచ్చి వాళ్ళ హక్కులు కొనేశారు. కుటుంబం వెళ్ళిపోయింది. తర్వాత ఇళ్ళు కూల్చేశారు. 1960ల మొదట్లో బుల్డోజర్ పెట్టి కుంటని లోతు చేశారు. మనుషుల ఆనవాలు లేకుండా చేస్తే ప్రకృతి తన దారిన తాను బాగుపడుతుందని వాళ్ళ నమ్మకం. అప్పట్లో అది మంచి మనసుతోనే నమ్మారు. కానీ చేసింది మాత్రం తప్పు. నేనిది గొంతు తగ్గించి చెప్పలేను. వందల ఏళ్ళుగా ఒక కుంటని బతికించిన వాళ్ళని, ఆ కుంట బాగు కోసమే అని చెప్పి పంపేశారు.

తప్పు అని నేనెలా అంటున్నాను? పిట్టలు చెప్పాయి కాబట్టి.

1980 ప్రాంతంలో మొక్కల మీద, పక్షుల మీద పనిచేసే కొందరు పరిశోధకులు ఈ రెండు ఊటలకీ వెళ్ళారు. ఇటు అఅల్ వాయ్‌పియా. పాతికేళ్ళుగా మనిషి నాగలి పెట్టలేదు, పక్షులకి ఆశ్రయం అని పేరు. అటు సరిహద్దు దాటి దక్షిణాన 40 కిలోమీటర్లు వెళ్తే కిటోవాక్. అక్కడ ఓఓదమ్ కుటుంబాలు మామూలుగానే కాలవలు తీస్తూ, పంటలు వేస్తూ, చెట్ల కొమ్మలు కొడుతూ, పశువుల్ని తోలుకుంటూ బతుకుతున్నాయి. మూడు విడతలు రెండు చోట్లా తిరిగి పిట్టల రకాలు లెక్కపెట్టారు. సంరక్షణ ప్రాంతంలో 32 రకాలు. ఊళ్ళో 65.

రెట్టింపు. కాపలా ఉన్న చోట కాదు, కాపురం ఉన్న చోట.

ఇదేమిటని ఒక ఓఓదమ్ రైతుని అడిగితే ఆయనకి అందులో వింతేమీ కనపడలేదట. మనుషులు ఉండి, విత్తనం వేసి, చెట్లకి నీళ్ళు పెడితే పిట్టలు వచ్చి వాళ్ళతో పాటు ఉంటాయి, మనుషులు పోతే వాటికి అక్కడేం పని అన్నాడట.

కాస్త దగ్గరికి వెళ్ళి చూద్దాం, ఎందుకంటే ఈ మాట వినడానికి బాగుందని ఊరుకుంటే మనకి పనికిరాదు. కాలవలో నీళ్ళు పారితే కాలవ పొడుగునా తడి ఉంటుంది. ఆ తడిలో గడ్డి, గడ్డిలో పురుగు, పురుగు కోసం పిట్ట. పొలం గట్టు మీద కలుపు మొక్కలు గింజ వేస్తాయి, గింజ తినే పిట్టలకి అదొక అంగడి. రైతు కంచె కోసం చెట్టు కొమ్మ కొడితే మళ్ళీ లేత చిగురు వస్తుంది, గుబురవుతుంది, గూటికి పనికొస్తుంది. పండ్ల చెట్టుంటే పండు తినే పిట్ట. దున్నిన చేను ఒక రకం, బీడు ఇంకో రకం, కుంట అంచు మరో రకం. ఇన్ని రకాల చోట్లు పక్కపక్కన ఉంటే ఇన్ని రకాల పిట్టలు. మనిషి చెయ్యి తీసేయగానే కాలవ పూడింది, చేను ఎండి ఉప్పుబారింది, మిగిలింది ఒక్క కుంట. ఒక్క కుంటకి వచ్చేన్ని పిట్టలే వచ్చాయి. కిటోవాక్ కుంట పెద్దది, అక్కడ ఊటలు ఎక్కువ, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. కానీ ఆ నీళ్ళని పొలం దాకా నడిపించింది మాత్రం మనుషులే.

కిటోవాక్ గురించి ఇంకో మాట. ఆ కుంటలో ఒకప్పుడు ఒక పెద్ద భూతం ఉండేదని, అది ఊపిరి పీలిస్తే దగ్గరకొచ్చిన జంతువులు, మనుషులు దాని నోట్లోకి పోయేవారని ఓఓదమ్ పెద్దలు చెప్తారు. వాళ్ళ పెద్దన్న, వాళ్ళని పుట్టించిన ఈఈతోయ్, దాని పొట్టలోకి వెళ్ళి గుండె కోసి చంపాడు. ఆ ఊళ్ళో నేలలోంచి పాతకాలపు మహా ఏనుగుల ఎముకలు బయటపడ్డాయి. ఆ కథ ఎక్కడ పుట్టిందో ఊహించుకోవడానికి నాకు ఇష్టంగా ఉంటుంది. వేసవిలో వానల కోసం, లోకం సక్రమంగా నడవడం కోసం అక్కడ ఇప్పటికీ ఒక క్రతువు జరుగుతుంది. సరిహద్దుకి ఇటుపక్క నుంచి కూడా జనం వెళ్తారు. దాని వివరాలు వాళ్ళ సొంతం, నేను చెప్పను.

మళ్ళీ చిట్టి ఊటకి వద్దాం. అక్కడ ఒక చేప ఉంది. రెండంగుళాలు కూడా ఉండదు. మగది జత కట్టే కాలంలో నీలంగా మెరుస్తుంది. ఎండకి కాగిన నీళ్ళలో, ఉప్పు నీళ్ళలో కూడా బతుకుతుంది. అమెరికా మొత్తంలో అది సహజంగా ఉన్నది ఆ ఒక్క చోటే. 1986లో అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు. ఒక బురద తాబేలు కూడా ఉంది, దానికీ ఆ దేశంలో అదొక్కటే ఇల్లు. నేను కాలవ పక్కన గొంతుక్కూర్చుని చూశాను. జానెడు వెడల్పు కాలవ, చీలమండ మునిగేంత నీళ్ళు. నా నీడ పడగానే ముప్పై నలభై చేపలు ఒక్కసారి చెదిరి, మళ్ళీ నెమ్మదిగా వచ్చి నాచు గీరుకుంటున్నాయి. ఆ చేప వేల ఏళ్ళు అక్కడ ఉంది. ఆ వేల ఏళ్ళలో ఓఓదమ్ వాళ్ళు ఆ నీళ్ళు తాగారు, కాలవలు తవ్వారు, పంట పండించారు. చేపకి ప్రమాదం వాళ్ళ వల్ల రాలేదు.

వచ్చింది ఎలాగంటే, ధార ఏళ్ళ తరబడి సన్నబడుతూ వచ్చింది. కరువు ఒక కారణం, కుంట అడుగు నుంచి కారడం ఇంకోటి. ఇవన్నీ ఉండగా గోడ వచ్చింది. 2019, 2020 సంవత్సరాల్లో అక్కడ సరిహద్దు వెంట అమెరికా ప్రభుత్వం 30 అడుగుల ఎత్తున ఉక్కు గోడ కట్టింది. జాతీయ భద్రత పేరు చెప్పి పర్యావరణ చట్టాలు, పూర్వీకుల సమాధుల్ని కాపాడే చట్టం, అన్నీ పక్కన పెట్టారు. 2005లో చేసిన ఒక చట్టం ఆ అధికారం ఇచ్చింది. గోడ పునాదికి కాంక్రీటు కావాలి, కాంక్రీటుకి నీళ్ళు కావాలి, ఎడారిలో బోర్లు వేసి తోడారు. 2020 వేసవిలో కుంట ఎప్పుడూ లేనంతగా దిగిపోయింది. అంచుల్లో బురద ఎండి బీటలిచ్చింది. బోర్ల వల్లే అని కొందరు, కాదని కొందరు. ఓఓదమ్ వాళ్ళకి మాత్రం ఆ ఊట ఒక బంధువు. మనింట్లో పెద్దావిడ మంచం పట్టి ఉంటే గది పక్కన రాళ్ళు పేల్చితే ఎలా ఉంటుంది?

ఆ సెప్టెంబరులో ఇద్దరు ఓఓదమ్ స్త్రీలు పని ఆపడానికి యంత్రాలకి అడ్డంగా వెళ్ళారు. అరెస్టు చేశారు. ఒకావిడ హియా చెడ్, అంటే ఆ ఊటకి సొంత మనిషి. ఆవిడ మీద కేసు నడిచింది. అది తన పూర్వీకుల పుణ్యస్థలం, దాన్ని కాపాడటం తన ధర్మం అని ఆవిడ కోర్టులో చెప్పుకుంది. మత స్వేచ్ఛని కాపాడే చట్టం కింద 2022 జనవరిలో జడ్జి నిర్దోషి అన్నారు. గోడ మాత్రం ఉంది. తర్వాత కుంట అడుగు బాగుచేశారు, నీళ్ళు మళ్ళీ నిలిచాయి. ఆ పని జరిగినన్నాళ్ళూ చేపల్నీ తాబేళ్ళనీ వేరేచోట దాచారు. ఇసుక జనానికి ప్రత్యేక తెగగా అమెరికా ప్రభుత్వం గుర్తింపు ఇప్పటికీ లేదు. ఒకప్పుడు వీళ్ళు అంతరించిపోయారని పుస్తకాల్లో కూడా రాశారు. అలా రాసిన రోజుల్లో వాళ్ళు ఆ చుట్టుపక్కల గనుల్లో, పత్తి చేలల్లో కూలి చేసుకుంటున్నారు.

మేము వెళ్ళింది నవంబరు మొదటి వారం. పెద్ద రోడ్డు దిగాక పాతిక కిలోమీటర్ల దాకా కంకర దారి. కారు దిగగానే మొదట వినపడింది పిట్టలు కాదు, లారీలు. గోడకి అవతల మెక్సికో హైవే వెళ్తుంది. కుంట దగ్గరికి నడిస్తే రెల్లు, కాటన్‌వుడ్ చెట్టు, ఆ చెట్టు ఆకుల గలగల, అప్పుడు లారీలు వినపడటం మానేశాయి. ఊరు ఉన్న చోట ఒక చదును నేల మిగిలింది, మీద తెల్లగా ఉప్పు పొర. మా ఆయన కాలితో గీరితే కింద నల్లటి మట్టి వచ్చింది. ఎవరో ఏళ్ళ తరబడి నీళ్ళు పెట్టి, ఎరువు వేసి చేసిన మట్టి. మట్టి చూస్తే మీకు తెలుస్తుంది, నాకూ తెలిసింది.

అక్కడికి కొంచెం ఎగువన సమాధులున్నాయి. రాళ్ళు పేర్చిన చిన్న కుప్పలు. నవంబరు 2న ఓఓదమ్ కుటుంబాలు తమ పెద్దల సమాధులు శుభ్రం చేసి దీపాలు పెడతాయి. మేము వెళ్ళేసరికి ఎవరో వచ్చి వెళ్ళినట్టున్నారు. చుట్టూ గడ్డి పీకి ఉంది, నేల ఊడ్చిన చీపురు గీతలు ఇంకా చెరగలేదు. ఒక రాతి పక్కన గాజు గ్లాసులో కొవ్వొత్తి సగం కాలి ఆగి ఉంది. దాని పక్కన ఒక మంచినీళ్ళ సీసా, మూత తీసి పెట్టారు.

ఇప్పటిదాకా తెర మీద కుంట ఫోటోలు, చేపల ఫోటోలు, గోడ ఫోటో చూశారు. ఆ సమాధులది చూపించలేను, నేను తీయలేదు. ఎవరైనా ఏదైనా అడగాలంటే అడగండి, నాకు తెలిసినంత చెప్తాను. ఆ తర్వాత అందరం కట్ట మీదికి పోదాం. నాకూ ఒక కొడవలి ఇవ్వండి.